కుక్కకు కూడా సిఫార్సే

మా ఆయన మంచి మనిషి. ఈ మాట విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. ఎనభైల మొదట్లో మేమున్న ఊరు ఒరెగాన్ రాష్ట్రానికి తూర్పు చివర, సముద్ర మట్టానికి నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న ఎడారిలో ఉండేది. చుట్టుపక్కల ఎంత దూరం పోయినా పిల్లల డాక్టరు ఆయన ఒక్కరే. కిరాణా కొట్లో, చర్చిలో, పెట్రోలు బంకు దగ్గర ఎవరు ఎదురైనా "మీ ఆయన ఎంత మంచి మనిషో" అనేవాళ్ళు. నేను నవ్వి తలూపేదాన్ని. ఆ నవ్వు నవ్వలేక దవడలు నొప్పి పుట్టేవి.

ఆ మంచితనంతో కాపురం చేసింది నేను. పెళ్ళికి ముందు తెనాలిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగం నేను ఇంటర్వ్యూకి వెళ్ళి, బల్లకి అటువైపు కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులకు బోర్డు మీద లెక్క చేసి చూపించి తెచ్చుకున్నది. ఈ ఊరికి వచ్చాక డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళాను. రివర్స్ చేస్తూ అక్కడ గుర్తుగా నిలబెట్టిన కర్రను గుద్దేశాను. అయినా పాసయ్యాను. నా అదృష్టానికి మురిసిపోయాను కూడా. ఆ పరీక్ష పెట్టినాయన కూతురికి ఉబ్బసం, మందిచ్చేది మా ఆయన, ముందురోజే ఒక మాట చెప్పి ఉంచారని నాకు ఏడాది తర్వాత తెలిసింది. స్కూలు లైబ్రరీలో పని దొరికినప్పుడూ అంతే. రెండేళ్ళు పుస్తకాలు సర్దాక, క్రిస్మస్ విందులో హెడ్మాస్టరు నా ప్లేటులో కేకు పెడుతూ "డాక్టరుగారు అడిగితే కాదంటామా?" అన్నాడు. మర్నాడే ఆ పని మానేశాను. ఎందుకు మానేశానో మా ఆయనకు అర్థం కాలేదు. "మంచి జాబే కదా" అన్నారు.

మనవాళ్ళకు సిఫార్సు ఒక జబ్బు. స్కూల్లో సీటు కావాలంటే ఒక మాట, రైల్లో బెర్తు కావాలంటే ఒక మాట, ఆఖరికి చర్చి పాటల గుంపులో ముందు వరుసలో నిలబడాలన్నా పాస్టరుగారి చెవిలో ఒక మాట. అందరూ చెప్పిస్తారు కాబట్టి మనం చెప్పించకపోతే మోసపోతామని భయం. ఆ జబ్బును ఆయన సూట్‌కేసులో పెట్టుకుని ఏడు సముద్రాలు దాటించారు.

కుక్క సంగతి ఇక్కడే మొదలైంది. పశువుల దొడ్డి ఉన్న ఒక రైతు తన మనవణ్ణి బాగు చేసినందుకు మాకు లాబ్రడార్ పిల్లనిచ్చాడు. లేత పసుపు ఒళ్ళు, ఆడది. దానికి రెండేళ్ళు వచ్చేసరికి ఆ ఊళ్ళో కుక్కలకు జాడ పట్టడం నేర్పే చిన్న క్లబ్బు ఒకటుందని తెలిసింది. దాన్ని నడిపే ఆవిడ పల్లెల్లో ఉత్తరాలు పంచి రిటైరైంది. అరవై దాటాయి, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు, మాట కటువు. పరీక్ష ఎలా ఉంటుందో ఆవిడే చెప్పింది. కుక్కకు ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు పొలంలో మలుపులు తిరుగుతూ అర కిలోమీటరు దాకా నడిచి, చివర ఒక తోలు గ్లవ్ పడేసి పోతారు. గంట తర్వాత కుక్క ఆ అడుగుల వాసన పట్టుకుని గ్లవ్ దాకా పోవాలి. యజమాని పొడుగాటి తాడు పట్టుకుని వెనక నడవాలి. దారి చూపించకూడదు, చూపిస్తే జడ్జి విజిల్ ఊదుతాడు, అక్కడితో సరి. పరీక్ష ఏడాదికి ఒక్కసారి, మే నెలలో. జడ్జిలిద్దరూ వేరే రాష్ట్రాల నుంచి వస్తారు.

వేరే రాష్ట్రాల నుంచి. నన్ను పట్టేసింది ఆ ఒక్క మాటే. వాళ్ళకు మా ఆయన ఎవరో తెలియదు. వాళ్ళ పిల్లలకు ఆయన మందివ్వలేదు. ఆ ఊరికి వచ్చాక నేను ఒక్కటంటే ఒక్కటి నా అంతట నేను సంపాదించుకోవాలనుకున్నాను, అది ఈ పరీక్షే కావాలనుకున్నాను. "మంచిదే, నీకు టైమ్ పాస్ అవుతుంది" అన్నారు ఆయన. ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి ఆఖరులో మొదలుపెట్టాం. ఆ నేల మీద వాసన నిలవడానికి తేమ ఉండాలి, తేమ ఉండేది తెల్లవారుజామున మంచు కరిగేదాకానే. ఎండెక్కితే పొడిగాలి లేచి అంతా తుడిచిపెడుతుంది. అందుకని చీకటి విడవకముందే నేనూ కుక్కా కారెక్కేవాళ్ళం. ఎటు చూసినా సేజ్ బ్రష్ పొదలు, వాటి మధ్య తెల్లగా పొరలు లేచిన చవుడు నేల, ఆ నేలంతా పల్లేరు కాయలు. మా వైపు కాలవగట్ల మీద చెప్పుల్లేని కాళ్ళలో దిగే అవే పల్లేరు కాయలు, అక్కడ కుక్క పాదాల్లో దిగేవి. పది అడుగులకోసారి మోకాళ్ళ మీద కూర్చుని దాని కాలి గోళ్ళ సందుల్లోంచి తీసేదాన్ని. ఎండిన గడ్డి గింజలు ముక్కులోకి పోయి తుమ్మేది. అంతలో పెద్ద చెవుల కుందేలు ఒకటి లేచేది. కుక్క తాడుతో సహా నన్ను లాక్కుని దాని వెంట పడేది.

రెండు వారాలైనా అది యాభై అడుగులు కూడా తిన్నగా పోలేదు. ఒకరోజు పొదల్లో బోర్లా పడి, రెండు అరచేతులూ గీరుకుపోయి, ఇంటి ముందు కార్లోనే కూర్చుని ఏడ్చాను. ఆయన చూశారు. రుమాలిచ్చారు. "రేపట్నుంచి నీ బదులు ట్రాక్ నేను నడిచి వేస్తాలే, హాస్పిటల్‌కి వెళ్ళేలోపు అయిపోతుంది" అన్నారు. సరే అన్నాను. అదే నా బుద్ధి తక్కువ పని.

ఆ మర్నాటి నుంచి కుక్క మారిపోయింది. జాడ మొదలయ్యే చోట పాతిన జెండా దగ్గర ముక్కు నేలకు ఆనించిందంటే మళ్ళీ గ్లవ్ దగ్గరే ఎత్తేది. మలుపులకు తడబడటం లేదు, కుందేలు లేచినా చూడటం లేదు. వంద అడుగులు, మూడొందలు, వెయ్యి. నేను వెనక తాడు పట్టుకుని దాదాపు పరిగెత్తేదాన్ని. శాంటా క్లారాలో ఉండే మా చిన్నాన్న కూతురికి ఫోన్ చేసి అరగంట గొప్పలు చెప్పుకున్నాను. క్లబ్బు ఆవిడ ఒకసారి వచ్చి చూసి, "చాలా తొందరగా నేర్చుకుంది" అని మాత్రం అంది, మెచ్చుకోలు లేకుండా. ఈవిడకు నామీద అసూయ అనుకున్నాను.

మార్చి ఆఖరున క్లబ్బులో అందరి ముందూ ఒక నమూనా పరీక్ష పెట్టారు. నాకు జాడ వేసింది వెల్డింగు పనిచేసే ఒకాయన భార్య. మా కుక్క అంతకుముందు ఆమెను చూసి ఎరగదు. గంట ఆగి కుక్కను జెండా దగ్గరకు తీసుకెళ్ళాను. అది నేల వాసన చూసింది. చుట్టూ తిరిగింది. మళ్ళీ చూసింది. తర్వాత చక్కగా కూర్చుని, రోడ్డు మీద కారులో ఉన్న మా ఆయన వైపు తిరిగి తోకాడించింది. ఏడుగురు మనుషులు చూస్తున్నారు. నేను నిలువునా నీరుగారిపోయాను. ఎంత బతిమాలినా అది కదల్లేదు.

క్లబ్బు ఆవిడ నా దగ్గరకొచ్చి, చిన్న గొంతుతో, "ఇంటికి పోయి మీ ఆయన బూట్లు చూడు" అంది.

ఇంటికొచ్చి గరాజ్‌లోకి వెళ్ళాను. ఆయన పొలానికి తొడుక్కునే బూట్లు ఒక మూల గుడ్డ మీద పెట్టి ఉన్నాయి. దగ్గరకు పోనవసరం కూడా లేకపోయింది. సముద్రం పక్క జిల్లాలో పుట్టి పెరిగిన దాన్ని, ఎండు చేపల్లో మెత్తళ్ళ వాసన నాకు ఒకరు చెప్పాలా? బూటు తిరగేశాను. అడుగున గాళ్ళ నిండా మెత్తళ్ళ పొడి, నూనెలో కలిపి రాసినది. వంటింట్లోకి పోయి అల్మారా పై అరలో డబ్బా తీశాను. చిన్నాన్న కూతురు పార్సెల్‌లో పంపితే, ఏడాదంతా రావాలని పండక్కీ పబ్బానికీ గుప్పెడు గుప్పెడు తీసి వాడుకుంటున్న మెత్తళ్ళవి. అడుగున రెండు వేళ్ళ మందం మిగిలాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డారు.

"ఏవండీ, ఇదేంటి?"

"అదా..." ఆయన నీళ్ళు నమిలారు. "కొంచెం హెల్ప్ అవుతుందని."

"ఎవరికి?"

"నీకే. ఆ రోజు కార్‌లో అంతలా ఏడ్చావు కదా. దానికి కాస్త ఇంట్రెస్ట్ కలిగితే తర్వాత మెల్లిగా తగ్గించేద్దాం అనుకున్నా."

"తగ్గించారా?"

"తగ్గిద్దామనే. కానీ నువ్వు అంత హ్యాపీగా ఉంటే ఎలా తగ్గించను చెప్పు?"

"నేనేమైనా మీ పేషెంట్‌నా? సూది నొప్పి తెలీకుండా చేతిలో చాక్లెట్ పెడతారా నాకు? చివరికి కుక్కకి కూడా సిఫార్సేనా అండీ?"

"అంత పెద్ద మాటలెందుకు? ఇష్టం ఉండబట్టే కదా చేశాను."

ఇష్టమట. తలుపు తీసి ఆ బూట్లను ఒకటి తర్వాత ఒకటి పెరట్లోకి విసిరేశాను. అదేం ఖర్మో, కుక్క గంతులేసుకుంటూ పోయి ఆ రెండు బూట్ల మధ్య పడుకుని, కళ్ళు మూసుకుని అడుగులు నాకడం మొదలుపెట్టింది. ఇంకొకప్పుడైతే నవ్వొచ్చేది. ఆ రోజు దాన్ని కూడా తిట్టాను.

నాకు కోపం మెత్తళ్ళు పోయినందుకు కాదు. రెండు వారాలు నేను పడ్డ సంతోషం దొంగ సంతోషం అయినందుకు. నేను ఓడిపోతే చూడలేనన్నది ఆయన ప్రేమ. నేను గెలవగలనని మాత్రం ఆయన ఒక్క రోజు కూడా అనుకోలేదు. పదిహేను రోజులు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన అన్నం వండి పెట్టారు, నా కారు అద్దం మీద మంచు గీకారు, ఫ్లాస్కులో టీ పోసి సీటులో పెట్టారు. ఒక్కో మంచి పనికీ నా కోపం ఒక్కో మెట్టు పైకెక్కింది.

పరీక్షకు ఆరు వారాలుంది. పైగా ఆయనకు చికాగో దగ్గర నేపర్‌విల్‌లో కొత్త ఉద్యోగం కుదిరింది, జూన్‌లో ఊరు మారాలి. అంటే వచ్చే ఏడాది అన్నది లేదు. ఆయన్ని పొలం ఛాయలకు రావద్దని చెప్పేసి, క్లబ్బు ఆవిడ ఇంటి తలుపు కొట్టాను. ఆవిడ ఏమీ ఎత్తిపొడవలేదు. "మొదటి నుంచి మొదలుపెడదాం, ఇరవై అడుగులు" అంది. రోజుకొకరు జాడ వేశారు. వెల్డరు భార్య, ఆమె చెల్లెలు, పోస్టాఫీసులో గుమాస్తా, చర్చిలో ఆర్గన్ వాయించే ముసలాయన. బతుకులో మొదటిసారి ఆ ఊళ్ళో నేనే నోరు తెరిచి మనుషుల్ని సాయం అడిగాను. పళ్ళు నూరుకుంటూ అడిగినా అడిగాను.

కుక్క మొదటి వారమంతా నేల మీద మెత్తళ్ళ కోసం వెతుక్కుంది. రెండో వారం విసుగొచ్చి కూర్చుంది. మూడో వారంలో ఒక ఉదయం, నేల మీద ఇంకా మంచు తెల్లగా ఉండగా, పోస్టాఫీసు గుమాస్తా వేసిన జాడ మీద అది ముక్కు దించి, మెల్లిగా, అడుగు అడుగూ తేల్చుకుంటూ నూటయాభై అడుగులు నడిచి గ్లవ్ ముందు ఆగింది. పరుగు లేదు, హడావుడి లేదు. ఈసారి అది నిజంగా పని చేస్తోందని దాని వీపు చూస్తేనే తెలిసింది. అక్కడే చవుడు నేలలో కూలబడి దాని మెడ పట్టుకున్నాను.

క్లబ్బు ఆవిడకు నామీద ఒకటే ఫిర్యాదు. "నీ చేతులు ఊరుకోవు. కుక్క ఆలోచించుకుంటుంటే నువ్వు తాడు బిగిస్తావు. అది తప్పిపోతుందని నీకు భయం. తప్పిపోనీ, అదే తిరిగి వెతుక్కుంటుంది" అనేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఇంట్లో ఒకరు, పొలంలో ఒకరు, అందరూ నాకు చెప్పేవాళ్ళే అనుకుని విననట్టు ఊరుకునేదాన్ని. నాలుగో వారంలో, పరీక్షకు ముందు జరగాల్సిన తనిఖీకి ఒక జడ్జి వచ్చి చూసి, కుక్క పరీక్షకు పనికొస్తుందని సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ సంతకం చూశాక ఆవిడ మాట ఇక అసలే చెవిన పెట్టలేదు.

పరీక్ష రోజు ఆదివారం. మా ఆయన చర్చి మానేసి వచ్చారు. రోడ్డు దాటి రావద్దన్నాను, దాటలేదు. చీట్లు తీస్తే నాకు ఐదో జాడ వచ్చింది. నా వంతు వచ్చేసరికి మంచు ఆరిపోయింది, సన్నగా గాలి మొదలైంది. క్లబ్బు ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది.

కుక్క జెండా దగ్గర ముక్కు దించి బయల్దేరింది. మొదటి మలుపు కుడికి, తిరిగింది. రెండో మలుపు దగ్గర ఒక చుట్టు చుట్టి తనే సర్దుకుంది. తాడు నా చేతుల్లో సమంగా సాగుతోంది. ఇద్దరు జడ్జిలు వెనక ఎక్కడో దూరంగా నడుస్తున్నారు. నాకు లోపల ఒకటే మాట, ఇది నాది, ఇది నాది అని.

సగం దాటాక వెడల్పాటి చవుడు నేల వచ్చింది. అక్కడ కుక్క తలెత్తింది. గుండ్రంగా తిరిగింది, రెండు సార్లు. తర్వాత ఎడమకు, సేజ్ బ్రష్ పొదల వైపు ముక్కు పెట్టి లాగింది. అంతకు నిమిషం ముందే ఆ పొదల్లోంచి కుందేలొకటి లేచి పోవడం నేను చూశాను. ఇటు కుడి వైపు, చవుడు పొర మీద, ఎవరిదో బూటు మడమ దిగిన గుర్తు స్పష్టంగా కనిపిస్తోంది. జాడ కుడికే పోయిందని నాకు నమ్మకం కుదిరింది. తాడు బిగబట్టి నిలబడ్డాను. కుక్క మళ్ళీ ఎడమకే లాగింది. నేను వదల్లేదు. అది వెనక్కి తిరిగి నా మొహం చూసింది. మూడోసారి లాగినప్పుడు నేను కుడికి ఒక అడుగు వేసి, "ఇటు, ఇటు రామ్మా" అన్నాను.

జడ్జిలకు తెలుగు రాకపోవచ్చు. వాళ్ళకు రావలసిన పనీ లేదు.

కుక్క వచ్చింది. ఎంత బుద్ధిమంతురాలో అంతా చూపిస్తూ, నాకోసం ముక్కు నేలకు పెట్టి, ఏమీ లేని చోట వెతుకుతున్నట్టుగా నా పక్కన నడిచింది. నలభై అడుగులు పోయాక విజిల్ వినిపించింది. కుడి వైపు గుర్తు ఎప్పటిదో, పశువులు కాసే మనిషెవరిదో. పొడుగాటి జడ్జి నా దగ్గరకు వచ్చి, "జాడ ఎడమకుంది. కుక్క సరిగ్గానే చెప్పింది" అన్నాడు. "కావాలంటే వెనక్కి తీసుకెళ్ళి పూర్తి చేయించండి. లెక్కలోకి రాదు, దాని తృప్తికి."

అప్పటికే మా ఆయన రోడ్డు దిగి పొదలకు అడ్డంపడి వచ్చేశారు. ఆయాసపడుతూ, "నేను ఒక మాట మాట్లాడనా ఆయనతో? ఎండెక్కింది, కుందేలు లేచింది, అందరూ చూశారు కదా. అడిగితే ఇంకో ఛాన్స్ ఇస్తారేమో" అన్నారు.

చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఒక్క క్షణం, మాట్లాడండి అందామనిపించింది. నోటి చివరిదాకా వచ్చింది. అన్నేళ్ళూ ఆయన మీద పెంచుకున్న కోపమంతా కలిపినా, ఆ క్షణంలో నా మీద నాకు వచ్చిన కోపం ముందు ఏ మూలకూ రాదు. "మీరు వెళ్ళి కార్లో కూర్చోండి" అన్నాను. ఆయన నా మొహం చూసి వెళ్ళిపోయారు.

కుక్కను చవుడు నేల దగ్గరకు తీసుకెళ్ళి ఈసారి తాడు చేతుల్లోంచి కింద పడేశాను. అది ఎడమకు తిరిగి పొదల్లోకి పోయింది. తాడు దాని వెనక నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. ఇంకో మలుపు తిరిగింది, అదీ తనే. చివర ఒక పొద పక్కన పడుకుని, గ్లవ్‌ను ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని నాకోసం చూసింది. తను గెలిచిందనుకుంది. గెలిచింది కూడా.

రోడ్డు మీద మా కారు దగ్గర జడ్జి ఫలితం రాసి కాగితం నా చేతిలో పెట్టాడు. పైన కుక్క పేరు, దానికెదురుగా ఫెయిల్ అని ఉంది.

"ఇది తప్పు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "కుక్క తప్పలేదు. తప్పింది నేను. అలా రాయండి."

అతను కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అలా రాయడానికి ఇందులో చోటు లేదు మేడమ్, ఫలితం కుక్క పేరు మీదే వస్తుంది" అన్నాడు.

కాగితం వెనక్కి తీసుకుని, అతని జేబులోంచి పెన్ను నేనే లాక్కున్నాను. కారు బానెట్ మీద దాన్ని పెట్టి, కుక్క పేరు కింద నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి, దానికెదురుగా ఫెయిల్ అని రాసుకున్నాను. అద్దం వెనక కూర్చుని మా ఆయన చూస్తూనే ఉన్నారు. ఆ ఊళ్ళో ఎవరి మాటా లేకుండా నా అంతట నేను సంపాదించుకున్నది అదొక్కటే.